ఖాళీ కూడా అక్షరమే

మందుచీటీ మీద అక్షరం తప్పుపడితే ఎవరో ఒకరు పట్టుకుంటారు. అక్షరాల మధ్య ఉండాల్సిన ఖాళీ పోతే మాత్రం చాలాసార్లు ఎవరి కంటా పడదు. ఈ వారం ఆ ఖాళీ గురించే మాట్లాడుకుందాం. ‘ఇదేం సబ్జెక్టు బాబూ, స్పేస్ బార్ మీద కూడా కాలమ్ రాస్తావా’ అని నవ్వకండి. మీరు రోజూ వేసుకునే మాత్రకీ దీనికీ సంబంధం ఉంది.

మా అల్వాల్ నుంచి రాజీవ్ రహదారి పట్టుకుని కరీంనగర్ వైపు వెళ్తే హకీంపేట, తూంకుంట, ఆ తర్వాత శామీర్‌పేట. ఇంకాస్త ముందుకెళ్తే తుర్కపల్లి, జీనోమ్ వ్యాలీ. కోవాగ్జిన్ తెచ్చిన భారత్ బయోటెక్ ఉన్నది అక్కడే. ఇటు మేడ్చల్ వైపు వెళ్తే శాంతా బయోటెక్నిక్స్ పేరుతో మొదలైన కంపెనీ. మన దేశంలో తయారైన మొదటి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకాని 1997లో తెచ్చింది వాళ్ళే. అందుకే మా వైపు పొద్దున్నే కంపెనీ బస్సు కోసం రోడ్డు మీద నిలబడేవాళ్ళలో ఫార్మా ఉద్యోగులు తప్పకుండా ఉంటారు.

మందు తయారుచేసేవాళ్ళ గురించి అందరికీ తెలుసు. ఆ మందు జనంలోకి వెళ్ళాక ఎవరికి ఏం చేసిందో రాసిపెట్టేవాళ్ళ గురించి పెద్దగా తెలీదు. ఆ పనిని ఫార్మకోవిజిలెన్స్ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే మందుల మీద నిఘా. బీఫార్మసీ, ఫార్మ్‌డీ చదివిన మన పిల్లలు చాలామంది హైదరాబాద్‌లో కూర్చుని చేసే ఉద్యోగం ఇదే. వాళ్ళు రాసే రిపోర్టుల్ని సరిచూసే సాఫ్ట్‌వేర్ పని నాది.

ముందు ఆ రిపోర్టు ఏంటో చూద్దాం. మందు వాడాక ఒకరికి ఏదో తేడా చేసింది. ఆ సంగతి డాక్టరో, మెడికల్ షాపతనో, ఆ పేషెంటేనో కంపెనీకి గానీ ప్రభుత్వానికి గానీ చెప్తారు. అది కేసు కావాలంటే కనీసం నాలుగు విషయాలు ఉండాలి. ఫలానా మనిషి అని గుర్తుపట్టగలిగే పేషెంటు, సంగతి చెప్పిన మనిషి, అనుమానం ఉన్న మందు, జరిగిన ఇబ్బంది. ఈ నాలుగూ చేతికొచ్చిన రోజు నుంచి గడియారం తిరగడం మొదలవుతుంది. ప్రాణం మీదికొచ్చిందనో, ఆస్పత్రిలో చేర్చాల్సొచ్చిందనో అంటే అది తీవ్రమైన కేసు. మామూలుగా 15 రోజుల్లో నియంత్రణ సంస్థకి పంపెయ్యాలి.

వయసు, డోసు, తేదీలు అన్నీ విడివిడి గడుల్లో నింపుతారు. వాటితోపాటు జరిగినదంతా వరసగా కథలా రాస్తారు. దాన్ని నెరేటివ్ అంటారు. ఆమెకి ముందు ఏ జబ్బులున్నాయి, ఇంకే మందులు వాడుతోంది, ఎన్నో రోజున ఒళ్ళంతా దద్దుర్లొచ్చాయి, మందు ఆపాక తగ్గాయా, మళ్ళీ ఇస్తే మళ్ళీ వచ్చాయా, అన్నీ అందులోనే. ఈ రిపోర్టుల్ని దేశాల మధ్య పంపుకోడానికి ఈ2బీ అనే పద్ధతి ఉంది. దాని పాత ఆర్2 రూపంలో నెరేటివ్‌కి 20,000 అక్షరాల చోటుండేది. ఇప్పటి ఆర్3లో 1,00,000 అక్షరాలు. ఆ లెక్కలో ఖాళీ కూడా ఒక అక్షరమే. కంప్యూటర్‌కి ‘అ’ ఎంతో స్పేస్ కూడా అంతే.

గడుల్లో మనిషి అంకెలుగా ఉంటుంది. నెరేటివ్‌లో మాత్రమే మనిషిలా కనబడుతుంది. మందు ఆమెకి ఏం చేసిందో తేల్చే డాక్టరు ఎక్కడో బెల్జియంలోనో అమెరికాలోనో ఉంటాడు. ఆమెని ఎప్పుడూ చూడడు. ఆయనకి ఆమె అంటే ఆ నాలుగైదు పేరాలే.

రాత మీద ఇంత పట్టింపు ఊరికే రాలేదు. 1961 డిసెంబరులో విలియం మెక్‌బ్రైడ్ అనే ఆస్ట్రేలియా డాక్టరు లాన్సెట్ పత్రికకి చిన్న ఉత్తరం రాశాడు. థాలిడోమైడ్ వాడిన గర్భిణులకి అంగలోపాలతో పిల్లలు పుడుతున్నారు, మీలో ఎవరైనా ఇలాంటివి చూశారా అని అడిగాడు. అంతకు కొన్ని వారాల ముందే జర్మనీలో విడుకిండ్ లెంజ్ అనే డాక్టరు అదే అనుమానం బయటపెడితే, నవంబరు చివర్లో అక్కడ ఆ మందు మార్కెట్ నుంచి తీసేశారు. ఆ దారుణం తర్వాతే 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మందుల నిఘా కార్యక్రమం మొదలుపెట్టింది. దాని పనంతా ఇప్పుడు స్వీడన్‌లోని ఉప్సాలాలో జరుగుతుంది. మన దేశంలో 2010లో పీవీపీఐ అనే కార్యక్రమం మొదలైంది. దాన్ని ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడుపుతోంది. దీనంతటికీ పునాది ఎవరో ఒకరు చూసింది చూసినట్టు రాసిన నాలుగు వాక్యాలే.

ఇప్పుడు ఆ వాక్యాల్లో ఖాళీ తప్పితే ఏమవుతుందో చూడండి.

టెగ్రెటాల్ అని మూర్ఛకి వాడే మందుంది. ఇంగ్లిష్‌లో దాని పేరు చివర చిన్న ‘ఎల్’ వస్తుంది. ఒక నిలువు గీత. దానికి ఆనుకుని ఖాళీ లేకుండా 300 అని రాస్తే, ఆ గీత అంకెల్లో కలిసిపోయి 1300 లా కనిపిస్తుంది. బీపీకి వాడే ఇండెరాల్ పక్కన అలాగే 40 రాస్తే 140 అవుతుంది. నా సొంత కల్పన కాదు. మందుల పొరపాట్ల మీద పనిచేసే ఐఎస్ఎంపీ అనే అమెరికా సంస్థ, ఇలా రాయొద్దు అంటూ వేసిన జాబితాలో ఇచ్చిన ఉదాహరణలే ఇవి. అంకెకీ మిల్లీగ్రాములకీ మధ్య కూడా ఖాళీ ఉండాలంటుంది ఆ జాబితా. 10 పక్కనే ఇంగ్లిష్ చిన్న ‘ఎమ్’ అతికించి రాస్తే, దాని వంపులు ఒకటో రెండో సున్నాల్లా కనబడి డోసు పదింతలో వందింతలో అయ్యే ప్రమాదం ఉంది.

చీటీ మీద ఇలా జరిగితే పేషెంటుకి ఎక్కువ మందు పడుతుంది. రిపోర్టులో జరిగితే నష్టం ఇంకో రకం. అప్పటికి మనిషికి జరగాల్సింది జరిగిపోయింది. కానీ చదివే డాక్టరు 1300 అని చదివాడనుకోండి, ‘అంత వేసుకుంటే కాదా మరి’ అనుకుంటాడు. మామూలు డోసుకే ఇబ్బంది వచ్చిందన్న అసలు సంగతి అక్కడే మాయమైపోతుంది. మందు మీద పడాల్సిన అనుమానం ఆ మనిషి మీద పడుతుంది. గడిలో 300 అని సరిగ్గానే ఉండొచ్చు. అప్పుడు రెండింట్లో ఏది నిజమో తేల్చడానికి మళ్ళీ ఒక మనిషి, మళ్ళీ ఒక రోజు. 15 రోజుల గడియారం మాత్రం ఆగదు.

ఇంకోటి చూడండి. ఇంగ్లిష్‌లో ‘ఎ సింప్టమాటిక్ పేషెంట్’ అని విడదీసి రాస్తే జబ్బు లక్షణాలున్న పేషెంటు. ‘ఎసింప్టమాటిక్’ అని కలిపి రాస్తే ఏ లక్షణాలూ లేని పేషెంటు. ఒక్క ఖాళీ తేడా, అర్థం పూర్తిగా తలకిందులు. ‘ఎ టిపికల్’, ‘ఎటిపికల్’ కూడా అంతే. మామూలు గుండెనొప్పి ఒకటి, మామూలుగా ఉండని నొప్పి ఇంకోటి. స్పెల్‌చెక్ ఇలాంటివి పట్టుకోలేదు. కలిపినా విడదీసినా డిక్షనరీలో ఉన్న మాటలేగా, ఎర్ర గీత ఎందుకు పడుతుంది?

తెలుగువాళ్ళకి ఇది కొత్తేం కాదు. ‘ఏం చెయ్యాలో పాలుపోలేదు’ అంటే దిక్కు తోచలేదని. ‘పాలు పోలేదు’ అని విడదీస్తే గిన్నెలో పాలు గిన్నెలోనే ఉన్నాయని. వెనకటి తాళపత్రాల్లో మాటల మధ్య ఖాళీ విడవకుండా రాసుకుపోయేవాళ్ళు. చదివేవాడే అర్థం చూసుకుని విరుచుకోవాలి. ఈ రిపోర్టు చదివేవాడికి అంత తీరిక లేదు. విరుపు తప్పితే సరిదిద్దడానికి గురువుగారూ పక్కనుండరు.

మరి సాఫ్ట్‌వేర్‌వాళ్ళు ఉన్నదెందుకు, ఖాళీ తప్పులన్నీ ఒక్క మీట నొక్కి సరిచెయ్యొచ్చు కదా? అందరూ అడిగేది ఇదే. మా పక్క ఫ్లాట్‌లో ఉండే ఫార్మ్‌డీ అమ్మాయి కూడా ఇదే అడిగింది. కేసులు రాసే ఉద్యోగం తనది.

“అన్నా, గీ డబుల్ స్పేసులన్నీ ఒక్క దెబ్బకు తీసేసే టూల్ లేదా? క్వాలిటీ చెక్‌ల డోసు తప్పు రాస్తే ఒక తప్పు అంటున్నరు, రెండు స్పేసులు కొడితే గూడ ఒక తప్పే అంటున్నరు.”

“రెండు నిమిషాల పని చెల్లె. కానీ తీసేసేముందు అవి ఎందుకొచ్చినయో చూసినవా?”

“ఎందుకొస్తయ్, వేలు రెండుసార్లు పడితే వస్తయ్.”

కొన్ని అలాగే వస్తాయి. అన్నీ కాదు. నెరేటివ్‌ని ఈమధ్య చాలా చోట్ల మొదటి నుంచి చివరిదాకా చేత్తో రాయరు. ముందే అచ్చులా ఒక మూస ఉంటుంది. ‘పేషెంటు రోజుకి ఇంత డోసులో ఈ మందు వాడింది’ అని వాక్యం తయారుగా ఉంటుంది. ఆ ‘ఇంత’, ‘ఈ’ అన్న చోట్లలోకి గడుల్లోంచి అంకెలు, పేర్లు వచ్చి కూర్చుంటాయి. గడి ఖాళీగా ఉందనుకోండి, అక్కడికి ఏమీ రాదు. దానికి అటొక స్పేసు, ఇటొక స్పేసు మిగిలిపోతాయి. రెండూ పక్కపక్కనే నిలబడతాయి. మనకి కనిపించే డబుల్ స్పేస్ అదే. అది వేలు తప్పు కాదు. అక్కడ ఉండాల్సిన డోసు లేదని చెప్పే గుర్తు.

ఇది చెప్పి, తను ప్రాక్టీసుకి దాచుకున్న ఒక ఉత్తుత్తి కేసులో డబుల్ స్పేసులన్నీ పసుపు రంగులో చూపించాను. మొత్తం పదకొండు. తొమ్మిది వేలు తప్పులే. పదోది మెట్‌ఫార్మిన్ పేరు తర్వాత, పదకొండోది మందు ఆపిన తేదీ దగ్గర.

“అంటే ఈడ డోసు రాలేదన్నట్టా?”

“సోర్స్‌ల ఉందేమో చూడు.”

పేజీ తిప్పింది. “ఉందన్నా, రెండో పేజీల ఉంది. గడిలకి ఎక్కియ్యలే.”

ఒక్క మీటతో అన్నీ తుడిచేసి ఉంటే వాక్యం నున్నగా తయారయ్యేది. డోసు లేదన్న సంగతి చెప్పే చివరి ఆనవాలు కూడా పోయేది. నేను చెప్పదల్చుకున్నది ఇదే. ఖాళీ తప్పుని తుడిచేముందు, అది ఎందుకొచ్చిందో అడగాలి. కొన్ని తప్పులు మురికి. కొన్ని తప్పులు సాక్ష్యం. రెండిటికీ ఒకే చీపురు పనికిరాదు.

అందుకే ఇలాంటి టూల్ ఎవరు రాసినా ఖాళీ తప్పుల్ని మూడు కుప్పలు చెయ్యాలంటాను.

మొదటి కుప్ప, అడక్కుండా సరిచెయ్యగలిగినవి. కామాకి ముందు పడ్డ ఖాళీ, పేరా చివర మిగిలిన ఖాళీ, ఫుల్‌స్టాప్ తర్వాత రెండుసార్లు కొట్టిన ఖాళీ. ఈ చివరిది టైపు మిషన్ల కాలం నాటి అలవాటు. 2020లో మైక్రోసాఫ్ట్ వర్డ్ కూడా దాన్ని తప్పుగా చూపించడం మొదలుపెట్టింది. వీటిని సరిచేస్తే అర్థం మారదు.

రెండో కుప్ప, చూపించి అడగాల్సినవి. వాక్యం మధ్యలో డబుల్ స్పేస్, అంకెకి అతుక్కున్న మందు పేరు, అంకెల మధ్య ఖాళీ, ‘ఎ సింప్టమాటిక్’ లాంటి మాటలు. ఇక్కడ టూల్ పని రంగు వెయ్యడం వరకే. సోర్స్ తెరిచి చూసి తేల్చాల్సింది మనిషి. అంకెల మధ్య ఖాళీ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. హైదరాబాద్‌లో కూర్చున్నా కేసులు అన్ని దేశాల నుంచీ వస్తాయి. మనం 1,000 అని కామా పెట్టేచోట ఫ్రెంచివాళ్ళు ఖాళీ వదిలి 1 000 అని రాస్తారు. మనం చుక్క పెట్టే దశాంశం దగ్గర వాళ్ళు కామా పెడతారు. అది తెలియని టూల్ 1 000ని ఒకటి, సున్నా సున్నా సున్నా అని రెండు ముక్కలుగా చదువుతుంది. పోనీ అంకెల మధ్య ఖాళీలన్నీ మూసేద్దామంటే, ‘5 10’ అని గీత పోయిన ‘5-10 రోజులు’ కాస్తా 510 రోజులై కూర్చుంటుంది.

మూడో కుప్ప, ముట్టుకోకూడనివి. పేషెంటో డాక్టరో చెప్పిన మాట చెప్పినట్టే దాచే గడి ఒకటి ఉంటుంది. ఆర్3లో అయితే వాళ్ళ సొంత భాషలోనే దాచడానికి చోటుంది, పక్కన అనువాదానికి ఇంకో గడి. తప్పున్నా ఒప్పున్నా అది వాళ్ళ మాట. మనం దిద్దకూడదు.

ఏ కుప్పలోదైనా, మారిస్తే ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు, ముందు ఏముండేది అన్నది రికార్డులో మిగలాలి. అమెరికా ఎఫ్‌డీఏ వాళ్ళ పార్ట్ 11 నిబంధన 1997 నుంచీ చెప్తున్నది ఇదే. పాత రాత కనబడకుండా కొత్త రాత రాయకూడదు. చిత్తు పుస్తకంలో తప్పుని ఒక గీతతో కొట్టేసి పక్కన రాయమని మన లెక్కల మాస్టార్లు చెప్పలేదూ? అదే నియమం.

కంటికి కనిపించే ఖాళీల సంగతి ఇలా ఉంటే, కనిపించనివి ఇంకో రకం. వెబ్ పేజీ నుంచో వర్డ్ ఫైలు నుంచో కాపీ చేసినప్పుడు ‘నాన్ బ్రేకింగ్ స్పేస్’ అనేది కూడా వచ్చేస్తుంది. చూడ్డానికి మామూలు ఖాళీలాగే ఉంటుంది. కంప్యూటర్‌కి మాత్రం అది వేరే అక్షరం. ఒకే పేషెంటు గురించి డాక్టరు ఒకసారి, మెడికల్ షాపతను ఒకసారి చెప్పారనుకోండి. ఒక రిపోర్టులో మందు పేరు మధ్య మామూలు ఖాళీ, ఇంకోదాంట్లో ఈ దొంగ ఖాళీ. అక్షరానికి అక్షరం పోల్చే సాఫ్ట్‌వేర్ రెండూ వేరే మందులని అనుకోవచ్చు. ఒక కేసు రెండవుతుంది. ఇలాంటివి పోగైతే లేని ప్రమాదం ఉన్నట్టో, ఉన్న ప్రమాదం లేనట్టో లెక్క తప్పుతుంది. కాబట్టి సమాచారం లోపలికి వచ్చే గుమ్మం దగ్గరే వీటిని మామూలు ఖాళీలుగా మార్చాలి. అసలు కాపీని మాత్రం ఉన్నదున్నట్టు పక్కన దాచాలి.

అలాగని కనిపించనివన్నీ దొంగలు కావు. ఇక్కడే మన తెలుగుకి దెబ్బ తగులుతుంది. ‘మెట్‌ఫార్మిన్’ అని రాశాను చూడండి. ట కింద ఫ వత్తు పడకుండా ఆపుతున్నది ఓ కనిపించని అక్షరం. జీరో విడ్త్ నాన్ జాయినర్ అని దాని పేరు. అది తీసేస్తే ‘మెట్ఫార్మిన్’ అవుతుంది. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో కూడా అదే ఉంది. ఇంగ్లిష్ మాత్రమే దృష్టిలో పెట్టుకుని రాసిన టూల్స్ ‘కనిపించని చెత్త’ అని దీన్ని కూడా ఊడ్చేస్తాయి. ఇంగ్లిష్‌కి చెత్త, మనకి అక్షరం.

తెలుగులో ఎవరు రిపోర్టు రాస్తారులే అంటారా? మీరే రాయొచ్చు. మందు వాడాక ఇబ్బంది వస్తే జనం స్వయంగా నింపడానికి పీవీపీఐ ఫారం తెలుగులో కూడా ఉంది. ఫోన్ చెయ్యాలనుకుంటే 1800-180-3024, డబ్బులు పడవు. ఆ మందు వల్లే అయిందని మీరు రుజువు చెయ్యక్కర్లేదు. అనుమానం చాలు. తేల్చే పని వాళ్ళది.

రాసేటప్పుడు మాత్రం నాలుగు సంగతులు చూసుకోండి. మందు పేరు డబ్బా మీద ఉన్నట్టే రాసి, కాస్త చోటు వదిలి డోసు రాయండి. అంకెకీ మిల్లీగ్రాములకీ మధ్య కూడా చోటు వదలండి. అరకి ముందు సున్నా పెట్టి 0.5 అని రాయండి, చుక్క చెరిగిపోయినా సున్నా చూసి అనుమానిస్తారు. ఒకటికి మాత్రం 1.0 అని రాయకండి, చుక్క కనబడకపోతే పదవుతుంది. తేదీలో నెలని అంకెతో కాక పేరుతో రాయండి. మనకి 4/5 అంటే మే నాలుగు, అమెరికావాడికి ఏప్రిల్ అయిదు. తెలీని సంగతి ఉంటే అక్కడ ఖాళీ వదలకుండా ‘తెలీదు’ అని రాయండి. వదిలేసిన ఖాళీ చూసి మీకు తెలీదనుకోవాలో, రాయడం మర్చిపోయారనుకోవాలో చదివేవాళ్ళకి పాలుపోదు.

కేసులు రాసే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి ఒక మాట. రోజుకి ఇన్ని కేసులని లెక్క ఉంటుంది, గడియారం పరిగెత్తుతుంటుంది, స్పేసుకి కూడా మార్కులు కొడుతుంటే చిరాకు రావడం న్యాయమే. డబుల్ స్పేస్‌నీ డోసు తప్పునీ ఒకే తూకంలో వేసే పద్ధతి మారాలి. అలా తూచినన్నాళ్ళూ రాసేవాళ్ళ కన్ను తప్పు ఎందుకొచ్చిందన్న దాని మీద ఉండదు, తప్పు కనబడకుండా చెయ్యడం మీదే ఉంటుంది. అది మారేదాకా మీ చేతిలో ఉన్నది ఒకటుంది. వాక్యం మధ్యలో రెండు ఖాళీలు కనబడితే వెంటనే ఒకటి కొట్టెయ్యకండి. ముందు సోర్స్ తెరిచి చూడండి. అక్కడ ఒకామె తన డోసెంతో చెప్పే ఉండొచ్చు.